జరిగింది సరే, చేసిందెవరు?

కొన్ని మాటలు చెవిన పడితే అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. ఎవరి రాయి వారిది. "ప్రాధాన్యత" అన్న మాట కనబడగానే పత్రిక మడిచి పక్కన పడేసే పండితమిత్రులు నాకున్నారు. "పెళ్ళి"ని "పెల్లి" అంటే గిట్టనివారు కొందరు. "నేను ఫలానా రావు గారిని మాట్లాడుతున్నాను" అంటూ తన పేరుకు తానే "గారు" తగిలించుకునే మనిషి ఫోను చేస్తే ఆ పూట కాఫీ రుచించనివారు మరికొందరు. ప్రతి వాక్యాన్నీ "సో"తో మొదలుపెట్టే కుర్రకారును చూసి నిట్టూర్చేవారికైతే లెక్కే లేదు.

భాషాప్రవీణ చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల వ్యాసాల మీద ఎర్రసిరా ఒలికించినవాణ్ణి కనుక నా దగ్గరా అటువంటి జాబితా ఒకటి ఉంది. ఉద్యోగ విరమణ తర్వాత తీరిక చిక్కి ఆ జాబితాను ముందు పెట్టుకుని చూశాను. ఈ మాటల మీద నాకు కోపమెందుకు? ఆ కోపం న్యాయమైనదేనా? ఈ ప్రయోగం వల్ల లోకంలో ఎవరికైనా నష్టముందా, లేక నొప్పి నా చెవికి మాత్రమేనా? ఇలా వడబోయగా జాబితాలో ముప్పాతిక భాగం రాలిపోయింది. మిగిలినదానిలోనూ చాలా వాటిని నవ్వి ఊరుకోవచ్చుననిపించింది. ఒక్క ప్రయోగం మీద మాత్రం కోపం తగ్గకపోగా, ఆలోచించినకొద్దీ పెరిగింది. దానిని గురించి చెప్పడానికే ఈ నాలుగు మాటలు. అయితే ముందుగా రాలిపోయినవాటి సంగతి చెప్పాలి. ఏది తప్పు కాదో తేలితే గాని ఏది తప్పో తేలదు.

"సంస్కృతంలో ఈ మాటకు అర్థం అది కాదండీ" అనడం మా పండితులకు ఇష్టమైన ఆట. ఆ లెక్కన పోతే తెలుగువాడు నోరెత్తలేడు. సంస్కృతంలో "అవసరం" అంటే సమయం, సందర్భం. మనకు అది అక్కర. "అనుమానం" అక్కడ తర్కశాస్త్రంలో ఒక ప్రమాణం, పొగను చూసి నిప్పు ఉన్నదని గ్రహించడం. ఇక్కడ అది సంసారాలను కూల్చే శంక. "ఉద్యోగం" అంటే పూనిక, ప్రయత్నం. మహాభారతంలో ఉద్యోగపర్వం ఉంది గాని అందులో ఎవరూ నెలజీతానికి కుదరలేదు. "శిక్ష" వేదాంగాలలో ఒకటి, వర్ణోచ్చారణ నేర్పే శాస్త్రం. మనకు అది దండన. చదువుకూ దండనకూ తేడా లేదని పిల్లలు నమ్మిన కాలమొకటి మన బడులలో ఉండేది కనుక ఆ మార్పు ఎలా వచ్చిందని నేను ఎవరినీ అడగను. "నివాళి" అంటే హారతి. ఒకప్పుడు దేవుడికీ, పెళ్ళికొడుకుకూ పట్టిన నివాళి ఇవాళ పోయినవారికే మిగిలింది. బ్రతికున్న మనిషికి నివాళులర్పిస్తే తగవే అవుతుంది. పాత అర్థంతో చూస్తే ఇవన్నీ తప్పులే. ఆ తప్పులను పదిమందీ పదికాలాలు చేసినందువల్లనే అవి మన మాటలయ్యాయి.

అన్యదేశ్యాల మీద కోపమూ నాకు నిలవలేదు. దరఖాస్తు, జవాబు, ఖర్చు, ఖాళీ, రాజీనామా వంటి మాటలు లేకుండా మనకు రోజు గడవదు. ఇవి ఏ దారిన వచ్చాయో అడిగేవాడు లేడు. బస్సు, రోడ్డు, పెన్ను కూడా చివర ఉకారం తొడుక్కుని, "బస్సులు", "రోడ్లు", "పెన్నులు" అని బహువచనం కట్టించుకుని మన వ్యాకరణంలో ఎప్పుడో కాపురం పెట్టాయి. వచ్చినవాడు మన ఇంటి పద్ధతికి ఒదిగితే మనవాడే.

ఇక యాసల సంగతి. తెలంగాణలో "వచ్చిండు" అంటారు, రాయలసీమలో "వచ్చినాడు" అంటారు, కోస్తాలో "వచ్చాడు" అంటారు, ఇంకా ఉత్తరానికి పోతే "వచ్చేడు" అంటారు. వీటిలో ఒకటి భాష, తక్కినవి అపభాషలు అనుకున్న కాలమొకటి ఉంది. చాలాకాలం పాటు మన సినిమాలు కథానాయకుడి నోట ఒక రకం తెలుగు పెట్టి, తక్కిన ప్రాంతాల తెలుగును హాస్యగాళ్ళకూ, దుష్టులకూ పంచిపెట్టాయి. వినేవారి చెవిలో లేని చిరాకును అలా పుట్టించారు. ఆ నాలుగు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వచ్చినవాడు ఒకడు, పురుషుడు, మనకు ఎదురుగా ఉండి మాట్లాడుతున్నవాడు కాడు అన్న మూడు సంగతులూ నాలుగింటిలోనూ ఉన్నాయి. ఏ యాసా ఏ సంగతినీ పోగొట్టలేదు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

పరుల మాటలలో తప్పులు వెదికే పనిలో పండితులకు వినయం చాలా అవసరమని నేర్పినవారు గిడుగు రామమూర్తి పంతులు గారు (1863-1940). గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవారి రాతలనే తీసుకుని, వారు నమ్మిన వ్యాకరణానికే విరుద్ధమైన ప్రయోగాలను వాటిలో నుంచి ఏరి చూపించారు. "ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం" అన్న పుస్తకం పేరులోనే ఆ వైద్యుల వైద్యం ఎటువంటిదో ఉంది. భాషకు మందు వేస్తామని బయలుదేరే ప్రతివారూ ముందుగా ఆ పుస్తకం పేరైనా తలచుకోవడం మంచిది.

ఇంతవరకు తప్పు కానివి. ఇక తప్పులే గాని ప్రాణం మీదికి రానివి కొన్ని ఉన్నాయి. "ప్రధానం" అన్న విశేషణం నుంచి భావనామం రెండు విధాల వస్తుంది: "ప్రాధాన్యం" ఒకటి, "ప్రధానత" ఒకటి. రెండింటినీ కలిపి "ప్రాధాన్యత" అంటే గొడుగు మీద గొడుగు వేసుకున్నట్టు. నైపుణ్యం, నిపుణత ఉండగా "నైపుణ్యత". వైవిధ్యం, వివిధత ఉండగా "వైవిధ్యత". ప్రాముఖ్యం, ప్రముఖత ఉండగా "ప్రాముఖ్యత". వీటిలో కొన్ని ఇప్పటికే గెలిచి గద్దెనెక్కాయి. "ఐక్యత" లేనిదే ఊరేగింపులో ఒక్క నినాదం నడవదు. నేను మాత్రం "ప్రాధాన్యం" అనే రాస్తాను; మీరు "ప్రాధాన్యత" రాస్తే చదువుతాను. మీరు చెప్పదలచుకున్నది నాకు అందింది కదా!

"అర్థం"లో థకారానికి బదులు ధకారం రాసి "నాకు పాఠం అర్ధమైంది" అన్న పిల్లవాడి పుస్తకంలో "మిగతా సగం ఎప్పుడు?" అని రాసేవాణ్ణి. తరగతి అంతా నవ్వేది, వాడు ఆ తప్పు మళ్ళీ చేసేవాడు కాదు. "హార్దిక శుభాకాంక్షలు" కాస్తా రహదారి మీది ఫ్లెక్సీలలో "హార్థిక"మవుతుంటాయి. హృదయం నుంచి రావలసినవి అర్థం నుంచి, అనగా డబ్బు నుంచి, వస్తున్నాయేమో, ఫ్లెక్సీల విషయంలో అది పూర్తిగా అబద్ధమూ కాదు. "మీ యొక్క పేరు", "మన యొక్క ఊరు" అన్నచోట "యొక్క" లేకపోయినా పేరు మీదే, ఊరు మనదే. "కేవలం పది రూపాయలు మాత్రమే" అన్నప్పుడు కేవలానికీ మాత్రానికీ ఒకటే పని. పెళ్ళి శుభలేఖలో "సకుటుంబ సపరివార సమేతంగా" విచ్చేయమంటారు. "స" అన్నా తోడుగా అనే, "సమేతం" అన్నా తోడుగా అనే. కాని పెళ్ళి పిలుపులో పునరుక్తిని దోషమంటే నేను ఒప్పుకోను. విస్తరి ముందు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వడ్డించే చేయి అది.

ఈ తప్పులన్నిటిలో ఒక మంచి గుణం ఉంది. చెప్పేవాడు ఎదురుగా ఉన్నాడు. పండితుడిలా మాట్లాడబోయి ఒక ప్రత్యయం ఎక్కువ తగిలించాడు, మర్యాద చేయబోయి ఒక మాట ఎక్కువ అన్నాడు. అతడు ఏమీ దాచలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తెలుగు వాక్యానికి ప్రాణం క్రియలో ఉంది. "వచ్చాను" అంటే అది ఒక్క మాటే, పూర్తి వాక్యమూ అదే. "నేను" అని వేరే చెప్పనక్కరలేదు. క్రియ చివర ఉన్న "ను" ఆ పని చేస్తుంది. వచ్చాను, వచ్చాము, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి: ఇవి ఏడు రూపాలు. ప్రతి రూపం తన కర్తను చంకనెత్తుకుని తిరుగుతుంది. వ్యతిరేకార్థంలో ఈ భేదం లేదనుకోండి. నేనైనా, మీరైనా, వారైనా "రాలేదు" అనే అంటాము. రానివాడికి గుర్తెందుకని మన భాష అనుకున్నదేమో! వచ్చినవాడిని మాత్రం వదలదు.

ఇప్పుడు ఈ ఏడింటినీ ఒక్క దెబ్బతో చంపవచ్చు. "రావడం జరిగింది." నేను వచ్చినా రావడం జరిగింది. మీరు వచ్చినా రావడం జరిగింది. దొంగ వచ్చినా, దొర వచ్చినా, వరద వచ్చినా రావడం జరిగింది. ఏ యాసా చేయని పని ఈ సభాభాష చేసింది. "వచ్చిండు"ను చూసి నవ్విన పెద్దమనిషి వేదిక ఎక్కి "మంత్రి గారు రావడం జరిగింది, ప్రసంగించడం జరిగింది, మొక్కను నాటడం జరిగింది" అంటే మనం చప్పట్లు కొడుతున్నాం. మొక్క నాటినది ఎవరో ఆ క్రియకు తెలియదు.

"జరిగింది" చెడ్డ మాట కాదు సుమా! పెళ్ళి జరిగింది, ఉత్సవం జరిగింది, యుద్ధం జరిగింది అన్నప్పుడు దానికి దీటైన మాట లేదు. అవి పదిమంది చేతుల మీదుగా నడిచే పనులు. ఒక్క మనిషి ఒక్క చేత్తో చేసిన పనికి దాన్ని తగిలించడమే నా ఫిర్యాదు. "జరుగు" అన్న ధాతువుకు మరొక అర్థం కూడా ఉంది. బస్సులో "కాస్త జరగండి" అంటాము, పక్కకు తప్పుకోండి అని. "చేయడం జరిగింది" అన్నప్పుడల్లా నాకు ఈ రెండో అర్థమే స్ఫురిస్తుంది. ఎవరో తన చోటు ఖాళీ చేసి పక్కకు జరిగారు.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇంగ్లీషు కార్యాలయాల ఉత్తరాలలో కర్త లేని వాక్యం పరిపాటి. దానిని తెలుగు చేయవలసి వచ్చినప్పుడు తొలుత "బడు" ధాతువును ఆశ్రయించారు. "తెలియజేయబడుచున్నది", "అనుమతింపబడదు", "శిక్షింపబడుదురు". ఈ "బడు" ఊళ్ళలోకి కూడా వచ్చింది. "ఇచ్చట బట్టలు కుట్టబడును" అన్న బోర్డు చూడని తెలుగువాడుండడు. ఆ బోర్డు మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. దాని కిందనే మిషను తొక్కుతూ కర్త కూర్చుని ఉంటాడు. జాకెట్టు బిగుతైతే అతనినే నిలదీయవచ్చు. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండైన తర్వాత రెండు చోట్లా తెలుగు అధికార భాషే. కాని కాగితం మీదికి వచ్చిన ఆ తెలుగు చాలాచోట్ల ఇంగ్లీషు ఉత్తరానికి తొడిగిన తెలుగు చొక్కా. "బడు" మరీ కృతకంగా ఉందని ఎవరికో తోచి, దాని స్థానంలో "జరిగింది"ని కూర్చోబెట్టారు. వినడానికి ఇది వ్యావహారికంలా ఉంటుంది కనుక దీన్ని ఎవరూ అనుమానించరు. "బడు" ముసుగు వేసుకుని వచ్చింది. "జరిగింది" మనవాడిలా వచ్చింది.

తరువాత ఇరవైనాలుగు గంటల వార్తలు వచ్చాయి. ఆ విలేఖరులను తిట్టడం నా ఉద్దేశం కాదు. చేతిలో రాసుకున్న కాగితం లేకుండా, ఎండలో నిలబడి, తెగని మాట నడపవలసినవారు వారు. నోరు ఆగకూడదు, మనసు తరువాతి మాట వెదుక్కోవాలి. అందుకని పట్టుకొయ్యలు కావాలి. "ఏదైతే ఈ వంతెన ఉందో, ఆ వంతెన", "ప్రజలు ఇబ్బందులు పడుతున్న పరిస్థితి కనిపిస్తోంది", "వారితో మాట్లాడే ప్రయత్నం చేద్దాం". పక్కనే నిలబడ్డ మనిషితో మాట్లాడటానికి ప్రయత్నమెందుకు, మాట్లాడితే సరిపోతుంది కదా అని మనం ఇంట్లో కూర్చుని నవ్వుకుంటాం. కాని గమనించండి, ఈ పట్టుకొయ్యలన్నీ ఒకే చెట్టువి. "ఇబ్బంది పడుతున్నారు" అనే క్రియ "పరిస్థితి" అనే నామవాచకమైంది. ఇబ్బంది పడేవారు వెనక్కు పోయి, పరిస్థితి ముందుకు వచ్చింది. ఇబ్బంది పెట్టినవారు ఆ వాక్యంలో మొదటి నుంచీ లేరు.

"మాస్టారూ, ఇది ఉత్త అలవాటే కదా, ఇంత రాద్ధాంతమెందుకు?" అని అడగవచ్చు. "నేను నిన్న మీ ఊరు రావడం జరిగింది, టీ తాగడం జరిగింది" అన్నవాడు ఏ నేరాన్నీ దాచడం లేదు, నిజమే. అయితే ఆ అలవాటు చేసే కీడు వేరు. పదిమందీ టీ తాగడానికి కూడా "జరిగింది" వాడితే మన చెవి మొద్దుబారుతుంది. అప్పుడు అసలు దాచవలసినది ఉన్నవాడు అదే మాట వాడినా మనకు వినబడదు. రద్దీలో జేబుదొంగకు ఎంత వీలో ఇదీ అంతే. నాయకుల ప్రసంగాలు ఒక నెలరోజులు ఈ చెవితో వినండి. వంతెన కట్టినప్పుడు "కట్టాం" అంటారు; అది కుంగినప్పుడు "కుంగడం జరిగింది" అంటారు. ఇచ్చినప్పుడు "ఇచ్చాం", ఆపినప్పుడు "నిలుపుదల చేయడం జరిగింది". ఏ పార్టీవారైనా ఈ వ్యాకరణంలో తేడా లేదు.

"మరి కర్తను చెప్పకుండా మాట్లాడటం తెలుగులో కొత్తా?" అని కూడా అడగవచ్చు. కొత్త కాదు. డబ్బాలో బియ్యం అయిపోతే మన ఇళ్ళలో "నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటారు. గడప దాటుతూ "వెళ్తున్నాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. మనిషి చనిపోతే "పోయారు", "కాలం చేశారు" అంటారు. ఇవీ సూటిగా కాక పక్కగా చెప్పిన మాటలే. కాని ఎవరి కోసం? వినేవారి మనసు కోసం. లేమి మాట, చావు మాట ఎదుటివారికి ముల్లులా గుచ్చుకోకూడదని మన పెద్దలు మాటను కాస్త పక్కకు తిప్పారు. "చేయడం జరిగింది" వినేవారి కోసం కాదు, చెప్పేవారి కోసం. రెండింటికీ ఉన్న దూరం కరుణకూ పిరికితనానికీ ఉన్నంత.

పిల్లలు ఈ కిటుకు పుట్టుకతో కనిపెడతారు. వంటింట్లో చప్పుడై అమ్మ పరుగెత్తుకొస్తే "గ్లాసు పగిలిందమ్మా" అంటాడు వాడు. తెలుగులో ఇటువంటి జంటలు కొల్లలు: పగులు, పగలగొట్టు, విరుగు, విరుచు, చిరుగు, చించు, కాలు, కాల్చు, మునుగు, ముంచు. మొదటిది దానంతటది అయ్యే పని, రెండోది ఒకరు చేసే పని. పిల్లవాడు మొదటిదాన్ని ఏరుకున్నాడు. అక్షరం ముక్క రాని తల్లి అయినా వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: "పగిలిందా, పగలగొట్టావా?" అకర్మక సకర్మక భేదాన్ని ఇంతకంటె బాగా ఏ వ్యాకరణమూ చెప్పలేదు. ఆ తల్లి ప్రశ్నను మనం పెద్దవాళ్ళను అడగడం ఎందుకు మానేశాం?

ఇది కేవలం వ్యాకరణం కాదని నాకు తెలియజెప్పినది మా వీధిలో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ. ఆమెకు వచ్చే పింఛను ఒక నెల రాలేదు. రెండో నెలా రాలేదు. ఆ తరువాత ఒక కార్యాలయం నుంచి కాగితం వస్తే చదివిపెట్టమని తెచ్చింది. "మీ పింఛను తాత్కాలికముగా నిలుపుదల చేయడం జరిగినది" అని ఉంది. చదివాను. "ఎవురాపేరు మేష్టారూ?" అని అడిగింది. కాగితం మరోసారి చదివాను. పేరు లేదు. కారణం లేదు. కింద ముద్ర ఉంది, ముద్ర మీద గీత ఉంది. "ఆపినోళ్ళ పేరు సెప్పండి, నేనే ఎల్లి అడుగుతాను" అంది. ఆమె దృష్టిలో ఒక పని అయిందంటే దాన్ని చేసిన మనిషి ఒకడుంటాడు, వాడికొక ఇల్లుంటుంది, ఆ ఇంటికి దారుంటుంది. ఆ కాగితంలో దారి లేదు.

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం మనకు అడిగే అధికారం ఇచ్చింది. అంతేకాదు, పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను ఆ నిర్ణయం ఎవరిని తాకుతుందో వారికి చెప్పాలని అదే చట్టం నాలుగో సెక్షనులో ఉంది. చట్టంలోకి వచ్చిన కర్త వాక్యంలోకి మాత్రం ఇంకా రాలేదు. ఆమె తరఫున నేను దరఖాస్తు రాశాను; కొన్ని నెలలకు పింఛను మళ్ళీ వచ్చింది, దానితో పాటు మరో కాగితమూ వచ్చింది. "పునరుద్ధరించడం జరిగినది." అది చదివి వినిపిస్తే ఆమె అన్న మాట నేను మరిచిపోలేను. "మరి ఇచ్చినోరెవురు మేష్టారూ? దణ్ణం పెట్టుకుందామంటే."

ఆపినవాడి మీద కోపగించుకోవడానికీ మనిషి లేడు, ఇచ్చినవాడికి కృతజ్ఞత చెప్పడానికీ మనిషి లేడు. ఆ కార్యాలయంలో ఎవరో ఒక గుమాస్తా ఆమె కాగితాన్ని వెదికి, పై అధికారి ముందు పెట్టి, సంతకం చేయించి ఉంటాడు. మంచి పని చేశాడు. ఆ మంచి కూడా "జరిగింది"లో కలిసిపోయింది. తప్పించుకోవడానికి పుట్టిన మాట తప్పు చేయనివాడిని కూడా మింగేసింది.

క్షమాపణలకూ ఇదే గతి పట్టింది. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" అంటూ మొదలయ్యే వాక్యాలు వింటూనే ఉన్నాం. దెబ్బ తానంతట తాను తగిలింది, అదీ తగిలి ఉంటేనే! దీనికంటె రైలు స్టేషనులో వినబడే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న ప్రకటన నాకు మెరుగనిపిస్తుంది. అది రికార్డు చేసిన గొంతే కావచ్చు. అయినా చివర "ము" ఉంది. ఉత్తమ పురుష బహువచనం. రైలు రాకపోయినా చింతించడానికి ఎవరో కొందరు ఉన్నారని ఆ అక్షరం చెబుతుంది.

బడిలో మనం చేసే పని కూడా చెప్పుకోవాలి. కర్తరి వాక్యాన్ని కర్మణి వాక్యంగా మార్చండి అని పరీక్షలో ఒక ప్రశ్న ఇస్తాము. రాముడు రావణుని చంపెను. రామునిచే రావణుడు చంపబడెను. మార్కు వేస్తాము. ఏది ఎప్పుడు వాడాలో, ఎవరు ఎందుకు వాడతారో చెప్పము. నేను ఈ లెక్కను తిరగవేసి చేయించేవాణ్ణి. ఆనాటి పత్రికను తరగతికి తెచ్చి, "తొలగించడం జరిగింది", "కూల్చివేయడం జరిగింది" వంటి వాక్యాలను నల్లబల్ల మీద రాసి, వాటిని కర్తరిలోకి మార్చమనేవాణ్ణి. పిల్లలు వార్త అంతా వెదికేవారు. ఒకసారి వెనక బెంచీ కుర్రవాడు లేచి, "కర్త పరారీలో ఉన్నాడు సార్" అన్నాడు. వాడికి ఆ రోజు పదికి పది వేశాను. ఉపాధ్యాయ మిత్రులెవరైనా ఈ పద్ధతి ప్రయత్నించి చూడవచ్చు. ఖర్చు ఒక పత్రిక, ఫలితం జీవితాంతం నిలిచే ఒక చెవి.

మన పూర్వ వ్యాకర్తలు "అతడు"ను ప్రథమ పురుష అన్నారు, "నీవు"ను మధ్యమ పురుష అన్నారు, "నేను"ను ఉత్తమ పురుష అన్నారు. అది పారిభాషిక పదమే, అందులో నీతిబోధ లేదని నాకు తెలుసు. అయినా "చేశాను" అని క్రియను ముగించగలవాడిని చూసినప్పుడు ఆ పేరు అతనికి అన్ని విధాలా తగిందనిపిస్తుంది.

కాబట్టి నా విన్నపం ఇంతే. పక్కింటి యాస మీద, పెళ్ళిపత్రికలోని పునరుక్తి మీద, పిల్లల "సో" మీద మనం ఖర్చు పెట్టే కోపాన్ని కాస్త పొదుపు చేద్దాం. మనం రాసే ఉత్తరాలలో, సంఘాల నివేదికలలో, సభలలో "చేయడం జరిగింది" కనబడితే కొట్టివేసి, "చేశాను", "చేశాం", "చేశారు" అని రాద్దాం. ఎవరన్నది తెలియకపోతే తెలుసుకుని రాద్దాం. ఏదైనా కార్యాలయం నుంచి కర్త లేని కాగితం వస్తే దాని వెనక "ఎవరు?" అని ఒక్క మాట రాసి తిరిగి పంపుదాం. ఆ ముసలమ్మ చదువుకోకుండానే అడిగింది. చదువుకున్నవాళ్ళం, మనం అడగలేమా?